కీమో నడుస్తున్నప్పుడు ఒంటి సంగతి డాక్టర్లు చూస్తున్నారు, మరి మనసు సంగతి?

నిద్రలేనిరాత్రి (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. నాకు రొమ్ము క్యాన్సర్, రెండో దశ. ఆపరేషన్‌కి ముందే కీమో ఇస్తున్నారు. ఎర్ర మందు సైకిళ్లు (విడతలు) నడుస్తున్నాయి, అవయ్యాక వారం వారం ఇంకో మందు ఉందట. వాంతులు, నోటిపూత, రక్తకణాల కౌంట్స్ పడిపోవడం, వీటికి డాక్టరు గారు మందులు రాస్తూనే ఉన్నారు. నా గొడవ వేరే.

మందు ఎక్కిన రోజూ, మర్నాడూ నాకు ఎక్కడలేని ఓపిక వస్తుంది. అర్ధరాత్రి లేచి బీరువా సర్దుతాను. తర్వాత ఒక్కసారిగా కూలబడిపోతాను. ఇక ఏడుపే. ఎందుకని అడిగితే చెప్పలేను.

రెండోది దేవుడి సంగతి. దణ్ణం పెట్టుకోనిదే ఏ పనీ మొదలుపెట్టని మనిషిని. ఇప్పుడు ఆయన ముందు నిలబడితే కోపం వస్తోంది. కోపం వచ్చినందుకు మళ్లీ భయం, ఇంకేం చేస్తాడోనని. బంధువొకావిడ చూడ్డానికొచ్చి "ఏ జన్మలో ఏం చేసుకున్నామో" అని నిట్టూర్చి వెళ్లింది. ఆ మాట చెవిలోంచి పోవట్లేదు.

మూడోది, "పాజిటివ్‌గా ఉండు, సగం రోగం మనసుతోనే పోతుంది" అనేవాళ్లు. నేను ఏడిస్తే మందు పనిచేయదేమోనని నిజంగానే భయపడుతున్నాను. ఈ దారిన వెళ్లొచ్చినవాళ్లు ఎవరైనా చెప్పండి.

సానుకూలం

చెల్లీ, మనసే మందు. మా ఇంట్లో ఒకావిడకి ఇదే జబ్బు వచ్చింది. ఒక్కరోజు కంట తడి పెట్టలేదు, నవ్వుతూ కీమో చేయించుకుంది, ఇప్పుడు గుండ్రాయిలా ఉంది. ఏడిస్తే రోగనిరోధక శక్తి పడిపోతుంది. రోజూ అద్దం ముందు నిలబడి "నాకు నయమైపోయింది" అనుకో. దేవుడి మీద కోపం అసలే వద్దు, పరీక్ష పెడుతున్నాడంతే.

సందేహి

పై పోస్టుకి ఒక జవాబు టైప్ చేసి, చెరిపేసి, మళ్లీ రాస్తున్నాను. మర్యాదగానే అడుగుతాను. నవ్వుతూ కీమో చేయించుకుని బాగైన ఆవిడ గురించి చెప్పారు, సంతోషం. నవ్వుతూ చేయించుకుని పోయినవాళ్ల లెక్క ఎవరు రాస్తారండీ? నా పక్క కుర్చీలో కీమో ఎక్కించుకున్న అమ్మాయి వార్డు మొత్తాన్ని నవ్వించేది. ఇప్పుడు లేదు. పాజిటివ్‌గా ఆలోచించడంలో ఆ పిల్ల ఏమైనా తక్కువ చేసిందంటారా?

ఈ సలహా పైకి ధైర్యం చెప్పినట్టే ఉంటుంది. లోపల మాత్రం ఒక నేరం మోపి పెడుతుంది. బాగైతే నీ మనోబలం, బాగవకపోతే నీ లోపం. రోగం మోస్తున్న మనిషి నెత్తిన ఇంకో మూట ఎందుకు?

నేనూ ట్రీట్‌మెంట్ చేయించుకున్నదాన్నే. దేవుణ్ణి నమ్మను. ఆ ముక్క తర్వాత రాస్తా.

కీమోవార్డు_సిస్టర్

నిద్రలేనిరాత్రి గారూ, మీ మొదటి సంగతికి ముందు జవాబు చెబుతాను, మూడింట్లో అదే తేలిక. అర్ధరాత్రి బీరువా సర్దిస్తున్నది చాలావరకు డెక్సామెథసోన్ అయ్యుంటుంది. వాంతులు, ఎలర్జీ రాకుండా కీమోకి ముందూ, ఆ తర్వాత రెండు మూడు రోజులూ ఇచ్చే స్టెరాయిడ్ అది. నిద్ర చెడగొడుతుంది, లేని హుషారు తెస్తుంది, కొందరికి చీటికీమాటికీ కోపం తెప్పిస్తుంది. ఆపాక ఆ ఓపికంతా జారిపోయి దిగులు కమ్ముకుంటుంది. మీరు చెప్పిన వరస దీనికి సరిగ్గా అతుకుతోంది.

సైకిల్ మొదటి రోజు నుంచి ఒక కాగితం మీద రాసుకోండి. ఎంతసేపు నిద్రపోయారు, ఏడుపు ఎప్పుడు వచ్చింది, స్టెరాయిడ్ మాత్ర ఏ పూట వేసుకున్నారు, అంతే. ఆ కాగితం డాక్టరు గారికి చూపించండి. మాత్ర పొద్దుటి పూటకి మార్చొచ్చు, మోతాదు తగ్గించొచ్చు. ఒలాంజపిన్ అని ఒకటుంది, వాంతులకీ పనిచేస్తుంది, నిద్రా పట్టిస్తుంది, అది మీకు సరిపడుతుందేమో వాళ్లు చూస్తారు. మీ అంతట మీరు మాత్రం ఏదీ ఆపకండి.

ఇంకో మాట. మీ ఎర్ర మందు పేరు డాక్సోరుబిసిన్. అది నరం దాటి బయటికి కారితే చుట్టూ కండ దెబ్బతింటుంది. అందుకే చాలాచోట్ల సీసా వేలాడదీసి వెళ్లిపోరు. పెద్ద సిరంజితో, పక్కనే సెలైన్ పారుతుండగా, సిస్టర్ కూర్చుని నెమ్మదిగా ఎక్కిస్తుంది. మధ్యమధ్యలో పిస్టన్ వెనక్కి లాగి రక్తం వస్తోందా లేదా చూసుకుంటుంది. ఆ కాసేపూ నేను లేవడానికి లేదు, మందు ఎక్కించుకుంటున్నామె కదలడానికి లేదు. ఇద్దరి చూపూ సిరంజి మీదే. ముఖంలో ముఖం పెట్టి అడిగితే చెప్పనివన్నీ అప్పుడు బయటికొస్తాయి. "సిస్టర్, మా ఆయన నా వైపు చూడట్లేదు." "సిస్టర్, నేను పోతే పిల్లకి జడ ఎవరేస్తారు?" నా సర్వీసులో నేను మనసు గురించి నేర్చుకున్నదంతా ఆ సిరంజి పక్కనే. మీ సిస్టర్‌కి తీరికుండదని నోరు కట్టుకోకండి, ఆ కాసేపు ఆమె ఎక్కడికీ పోలేదు.

క్యాన్సర్‌వార్డు_సైకియాట్రిస్టు

క్యాన్సర్ పేషెంట్ల మానసిక వైద్యమే నా పని. "ఏడిస్తే మందు పనిచేయదా" అన్న ప్రశ్న నా దగ్గరికి రాని వారం ఉండదు.

దీని వెనక ఒక చరిత్ర ఉంది. డేవిడ్ స్పీగెల్ అనే సైకియాట్రిస్టు 1989లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. రొమ్ము క్యాన్సర్ ఒంట్లో వేరే చోట్లకి పాకిన 86 మంది ఆడవాళ్లు. వాళ్లలో వారం వారం బృందంగా కూర్చుని భయాలు చెప్పుకున్నవాళ్లు మిగతావాళ్లకన్నా ఎక్కువ కాలం బతికారని అందులో తేలింది. దాంతో మనసు ఆయుష్షు పెంచుతుందన్న మాట లోకమంతా పాకింది. తర్వాత కెనడాలో పమేలా గుడ్విన్ బృందం అదే పద్ధతిని 235 మందితో చేసి చూసి 2001లో ఫలితం చెప్పింది. ఆయుష్షులో తేడా లేదు. స్పీగెల్ స్వయంగా మళ్లీ చేసి 2007లో ప్రచురించినదాంట్లోనూ మొత్తం మీద ఆయుష్షు పెరగలేదు. మొదటి వార్త విన్నంతమంది తర్వాతివి వినలేదు, గొడవంతా అక్కడే.

కానీ 2001 అధ్యయనంలోనే ఇంకోటుంది. ఆ బృందాల్లో కూర్చున్నవాళ్లకి దిగులు తగ్గింది, నొప్పి బాధ తగ్గింది, ముఖ్యంగా మొదట్లో ఎక్కువ కుంగిపోయినవాళ్లకి. అది చిన్న విషయం కాదు. ఆయుష్షు పెరిగితేనే మనసుకి వైద్యం చేయించాలా? బతికే రోజులు భరించగలిగేలా ఉండటం చాలదా?

మీ ప్రశ్నకి నేరుగా చెప్పాలంటే, డాక్సోరుబిసిన్ క్యాన్సర్ కణంలో డీఎన్‌ఏని పట్టుకునేటప్పుడు మీరు నవ్వుతున్నారా ఏడుస్తున్నారా అని అడగదు. ఏడవండి. జాగ్రత్తపడాల్సింది ఒక్కచోట. కుంగుబాటు బాగా ముదిరితే మనుషులు కీమో తేదీలు దాటేస్తారు, మాత్రలు మానేస్తారు, జ్వరమొచ్చినా ఎవరికీ చెప్పరు. నష్టం ఆ దారిలో వస్తుంది. అలా కాకుండా చూసుకోవడానికి డాక్టరుంటే చాలు, నవ్వు ముఖం తప్పనిసరి కాదు.

సానుకూలం

డాక్టరు గారూ, అధ్యయనాలు మీకు తెలుసు, కాదనను. కానీ నిరాశ మాటలు వింటూ కూర్చుంటే మనిషి లేవగలదా? ఆశ అనేది ఉండాలా వద్దా?

సందేహి

ఆశ ఉండాలండీ. ఆశ ఉన్నట్టు రోజంతా నటించాల్సిన పని ఉండకూడదు. చూడ్డానికొచ్చినవాళ్లు వెళ్లేదాకా నవ్వి, తలుపేసుకుని పడిపోయిన రోజులు నాకు తెలుసు. కీమో కంటే ఆ నవ్వుకే ఎక్కువ అలసిపోయేదాన్ని.

ఆమె_భర్త

ఇదంతా చదువుతున్నాను. నా భార్యకి రెండో మందు మొదలైంది. "ధైర్యంగా ఉండు" అనకూడదంటున్నారు, సరే. మరి మేమేం మాట్లాడాలి? ఏమన్నా తప్పే అవుతోంది. ఏమీ అనకపోతే "నీకేం పట్టదు" అంటోంది. రోజుకి ఎన్ని నీళ్లు తాగిందో లెక్క రాస్తున్నాను, మాత్రల డబ్బా సర్దుతున్నాను. అంతకంటే ఏం చేయాలో నిజంగా తెలియట్లేదు.

పోర్టుపిల్ల

అన్నా, నీళ్ల లెక్క ఒక పూట ఆపి చూడండి. మా ఆయన కూడా ఇంతే, ఇంట్లో నర్సు డ్యూటీ చేసేవాడు. ఒకరోజు "నువ్వు నా మొగుడివా, మేల్ నర్సువా" అని అడిగేశా.

నాకు పనిచేసినవి చెబుతాను. "ఈరోజు మాట్లాడాలనుందా, ఊరికే ఉండాలనుందా?" అని ముందే అడగడం. నేను చావు గురించి మాటెత్తితే "అలాంటి మాటలొద్దు" అని నోరు మూయించకపోవడం. తన భయం కూడా కాస్త చెప్పడం. వాడు ధైర్యంగా ఉన్నంతకాలం నేను ఇంట్లో ఒంటరిగా భయపడ్డాను. వాడు ఏడ్చిన రోజు నాకు తోడు దొరికింది.

ఇంకో సంగతి, మగవాళ్లు చదువుతున్నారు కాబట్టి రాస్తున్నా. జుట్టు ఊడుతుందని అందరూ చెబుతారు. మొదటి కీమో అయిన రెండు మూడు వారాలకి నాకూ మొదలైంది, నేనే గుండు చేయించేసుకున్నా. కనుబొమలు, రెప్ప వెంట్రుకలు పోతాయని మాత్రం ఎవరూ చెప్పలేదు. రెప్ప వెంట్రుకల్లేకపోతే కళ్లు ఊరికే నీళ్లు కారతాయి. ఏడవకపోయినా ఏడుస్తున్నావా అని అడుగుతారు. అద్దంలో నా మొహం నేను గుర్తుపట్టలేకపోయిన పూట పడ్డంత బాధ రొమ్ము గురించి కూడా పడలేదు. అప్పుడు మా ఆయన దగ్గరికి రావడానికే జంకేవాడు, ముట్టుకుంటే ఏమవుతానో అని. నేనేమో నేనంటే అసహ్యం పుట్టిందనుకున్నా. మా సిస్టరే ఇద్దర్నీ కూర్చోబెట్టి, దగ్గర కూర్చోవచ్చు, కౌగిలించుకోవచ్చు, మిగతావాటికి ఏ జాగ్రత్తలో డాక్టర్ని అడగండి అని చెప్పింది. ఆ ఒక్క మాటతో ఇల్లు తేలికపడింది.

చిన్న వయసులో ఉండి పిల్లలు కావాలనుకునేవాళ్లు కీమో మొదలవకముందే అండాలు దాచుకునే సంగతి అడగండి. మధ్యలో గుర్తొస్తే ఆలస్యమైపోతుంది.

పెద్దక్క

నిద్రలేనిరాత్రీ, నీ రెండో ప్రశ్న మీద ఎవరూ చెయ్యి వేయట్లేదు కాబట్టి నేను వేస్తాను. నా కీమో అయి చాలా ఏళ్లయింది. భక్తురాలినే, ఇప్పటికీ.

కోపం ఎవరి మీద వస్తుందమ్మా? మనవాళ్లనుకున్నవాళ్ల మీదే వస్తుంది. దారినపోయేవాడి మీద అలుగుతామా? దేవుణ్ణి నిలదీసి, తిట్టి, మళ్లీ ఆయన్నే పట్టుకుని ఏడ్చిన భక్తులు ఏ మతంలో లేరు? నువ్వు కోప్పడుతున్నావంటే ఆయనతో మాటలు తెగిపోలేదన్నమాట.

నన్ను కోపం కంటే వేరే సంగతి ఎక్కువ బాధపెట్టింది. కీమో రోజుల్లో నాకు ధ్యాస నిలిచేది కాదు. నోటికొచ్చిన స్తోత్రం మధ్యలో మర్చిపోయేదాన్ని. ఇన్నేళ్లూ చదివింది కూడా పోయిందే, నాలో భక్తి చచ్చిపోయిందే అని కుమిలిపోయాను. తర్వాత తెలిసింది, కీమోలో మతిమరుపు, మాట తట్టకపోవడం మామూలేనట. భక్తికీ దానికీ సంబంధం లేదు. అప్పటినుంచి పెద్దవన్నీ పక్కనపెట్టి ఊపిరికొక నామం, అంతే. అదీ కుదరని రోజు ఒక స్నేహితురాలికి ఫోన్ చేసి "ఈరోజు నా వంతు కూడా నువ్వే ప్రార్థించు" అనేదాన్ని. ఆమెది వేరే మతం. అయితేనేం.

ఇక ఆ నిట్టూర్చిన బంధువు సంగతి. అలాంటివాళ్లకి ఇంటాయన చేత "ఆమె పడుకుంది" అని చెప్పించు. అబద్ధమైనా పాపం రాదు.

క్యాన్సర్‌వార్డు_సైకియాట్రిస్టు

పెద్దక్క గారు చెప్పినదానికి కొంచెం కలుపుతాను. మతం మనిషిని ఎలా ఆదుకుంటుందో, ఎలా కుంగదీస్తుందో కెన్నెత్ పార్గమెంట్ అనే సైకాలజిస్టు దశాబ్దాలపాటు పరిశీలించారు. "నాతో ఒకడున్నాడు, భారం ఆయన మీద వేశాను" అనుకునేవాళ్లకి సాధారణంగా మనసు కుదుటపడుతుంది. "ఇది నాకు వేసిన శిక్ష, నన్ను వదిలేశాడు" అనే ఆలోచనలో ఇరుక్కున్నవాళ్లలో కుంగుబాటు ఎక్కువగా కనిపిస్తుంది. కోపం వచ్చిపోవడం వేరు, శిక్ష అన్న నమ్మకం లోపల పాతుకుపోవడం వేరు. రెండోది ఉంటే మీరు నమ్మే మతంలోని ఒక వివేకవంతుడైన పెద్దతోనో, ఆసుపత్రిలో ఆధ్యాత్మిక సలహాదారు ఉంటే వారితోనో, మాలాంటివాళ్లతోనో మాట్లాడాలి.

శిక్ష అనుకునేవాళ్లకి నేను చెప్పే లెక్క ఒకటుంది. 2022లో ప్రపంచంలో 23 లక్షల మంది ఆడవాళ్లకి రొమ్ము క్యాన్సర్ బయటపడిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. దాదాపు సగం మందిలో ఆడవాళ్లు కావడం, వయసు పెరగడం తప్ప చెప్పుకోదగ్గ కారణమే ఉండదని కూడా అదే సంస్థ చెబుతుంది. తల్లిదండ్రుల నుంచి వచ్చిన జన్యువుల వల్ల వచ్చేవి నూటికి అయిదు నుంచి పది. ఇందులో ఎవరి పాపం వెతుకుతారు?

నమ్మకం లేనివాళ్ల గురించి కూడా. ఆధ్యాత్మికంగా ఎలా ఉన్నారో కొలవడానికి ప్రపంచమంతా వాడే ఒక 12 ప్రశ్నల పత్రం ఉంది. అందులో ప్రశాంతత, జీవితానికి అర్థం, విశ్వాసం అని మూడు పాయలు. చాలా అధ్యయనాల్లో కుంగుబాటు తక్కువగా ఉండటానికి విశ్వాసం కంటే మొదటి రెండింటితోనే గట్టి సంబంధం కనిపించింది.

సందేహి

రాస్తానన్నది ఇప్పుడు రాస్తా. కీమో రోజుల్లో ఒకాయన వార్డుకి వచ్చి ప్రార్థన చేద్దామా అని అడిగాడు. నాకు నమ్మకం లేదండీ అన్నాను. ఏమైనా ఉపన్యాసం మొదలుపెడతాడేమో అనుకున్నా. "అయితే కాసేపు కూర్చోనా?" అన్నాడు. కూర్చున్నాడు. మందు ఎక్కించే పంపు కూత పెడితే సిస్టర్ని పిలిచాడు. వెళ్లేటప్పుడు మళ్లీ రావచ్చా అని అడిగి వెళ్లాడు. నాకు దేవుడి మీద నమ్మకం కుదరలేదు, ఆయన మీద మాత్రం కుదిరింది.

ప్రశాంతత అంటారా, నాకు అది సంగీతంలో దొరికింది, ఓపికున్న రోజుల్లో నడకలో దొరికింది. ఎవరైనా ధ్యానం ధ్యానం అంటే మాత్రం చిరాకేసేది. కళ్లు మూసుకుంటే స్కాన్ రిపోర్టే కనబడేది.

క్యాన్సర్‌వార్డు_సైకియాట్రిస్టు

అది సహజం. కళ్లు మూసుకోవడం పడనివాళ్లు కళ్లు తెరిచే శ్వాస గమనించవచ్చు, నడుస్తూ అరికాలి స్పర్శ గమనించవచ్చు. అమెరికా క్యాన్సర్ వైద్యుల సంఘం 2023లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఆందోళన, కుంగుబాటు తగ్గడానికి మైండ్‌ఫుల్‌నెస్ (ఇలా ఉన్న క్షణాన్ని గమనించే) పద్ధతుల్ని సిఫారసు చేశారు. యోగా, సంగీతం కూడా ఆ జాబితాలో ఉన్నాయి. నడక లాంటి వ్యాయామం చికిత్స జరుగుతుండగానే చేయమని 2022 మార్గదర్శకాలు చెప్పాయి. ఇవన్నీ కీమోతో పాటు చేసుకునేవి. కీమో మానేసి చేసేవి కావు.

మోడరేటర్

కీమో అక్కర్లేదు, పసరుతో తగ్గిపోయింది అన్న పోస్టు తొలగించాం. చర్చ కొనసాగించండి.

స్పిరిట్‌వాసన

నాదో వింత సంగతి, నవ్వకండి. ఆసుపత్రి గేటు కనబడగానే వాంతి వస్తోంది. మందు ఇంకా ఎక్కించనే లేదు! దూది మీద స్పిరిట్ వాసన తగిలితే చాలు. ఇంట్లో వాళ్లు "అంతా నీ మనసే" అంటున్నారు.

కీమోవార్డు_సిస్టర్

ఎవరూ నవ్వరు, మా వార్డులో ఇలాంటివాళ్లు ఎప్పుడూ ఉంటారు. ముందు సైకిళ్లలో వాంతులు బాగా అయితే మెదడు ఆ గేటునీ, వాసననీ, వాంతినీ కలిపి గుర్తుపెట్టుకుంటుంది. మీ చేతిలో లేనిది. ఒకసారి ఇది పాతుకుపోయాక మామూలు వాంతి మాత్రలు దీనికి అంతగా ఆనవు. అందుకే మొదటి సైకిల్ నుంచే వాంతులు గట్టిగా అదుపులో పెట్టాలంటాం. ఇప్పుడైనా మార్గాలున్నాయి. కీమో ముందు రాత్రి, ఆ పొద్దున లోరాజెపామ్ లాంటి మందు డాక్టరు రాయవచ్చు. ఒళ్లు సడలించే అభ్యాసాలు, హిప్నాసిస్ పనిచేస్తాయి, సైకాలజిస్టు నేర్పిస్తారు. చిన్న చిట్కాలంటారా, వేరే వాసన ఉన్న రుమాలు దగ్గర పెట్టుకోండి, చెవుల్లో పాటలు పెట్టుకుని లోపలికి రండి. స్పిరిట్ దూది మీ కంటపడకుండా చూడమని సిస్టర్‌తో ముందే చెప్పండి, చూస్తాం.

ఆమె_భర్త

సిస్టర్ గారూ, మధ్యలో ఒక సందేహం. ఆమెకి సామూహిక ప్రార్థనకి వెళ్లాలని ఉంది, ఉపవాసం కూడా ఉంటానంటోంది. పంపాలా వద్దా?

కీమోవార్డు_సిస్టర్

గుడైనా చర్చైనా మసీదైనా ఒకటే మాట. మూడు వారాల సైకిల్ అయితే సుమారు ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా తెల్లకణాలు బాగా తగ్గి ఉంటాయి, గుంపులోకి వద్దు. వారం వారం మందైతే లెక్క వేరు, ఆమె కౌంట్స్ చూసి ఏ రోజు పంపవచ్చో మీ డాక్టర్నే అడగండి. వెళ్లిన రోజు మాస్కు పెట్టుకుని, రద్దీ తగ్గాక వెళ్లి కాసేపు కూర్చుని రావచ్చు. వెళ్లలేని రోజు ఫోన్లో వినవచ్చు. ఉపవాసం డాక్టర్ని అడక్కుండా వద్దు, బలం పోతుంది, నీరసానికి దిగులు తోడవుతుంది. ఒళ్లు వేడి 100.4 ఫారెన్‌హీట్ దాటితే అర్ధరాత్రయినా ఆసుపత్రికే. ప్రార్థన దారిలో చేసుకోవచ్చు.

నిద్రలేనిరాత్రి

అందరికీ ఎలా చెప్పాలో తెలియట్లేదు. స్టెరాయిడ్ సంగతి డాక్టరు గారికి చెప్పాను, మోతాదు మార్చారు. ఈసారి పడుకోగలిగాను. కానీ దిగులు అలాగే ఉంది. మానసిక వైద్యుడి దగ్గరికి పంపుతామన్నారు. మా అత్తగారు "పిచ్చి మందులా, అలవాటైపోతాయి" అంటున్నారు. అసలు నాకు వచ్చింది నీరసమా, దిగులు జబ్బా? తేడా ఎలా తెలుస్తుంది?

క్యాన్సర్‌వార్డు_సైకియాట్రిస్టు

మంచి ప్రశ్న, మాకూ అంత తేలిక కాదు. నిద్ర లేకపోవడం, ఆకలి చావడం, నీరసం, ఇవి కీమోవల్లా వస్తాయి, కుంగుబాటువల్లా వస్తాయి. అందుకే మేము వేరేవి అడుగుతాం. ఇష్టమైన మనిషి ఫోన్ చేసినా మాట్లాడాలనిపించట్లేదా? ఇంట్లోవాళ్లకి భారమైపోయానని పదేపదే అనిపిస్తోందా? పొద్దున లేవడం దేనికి అనిపిస్తోందా? రెండు వారాలకు పైగా రోజూ ఇలాగే ఉంటే దానికి వైద్యం కావాలి. ముందు హిమోగ్లోబిన్, థైరాయిడ్ కూడా చూస్తాం, అవి తగ్గినా మనిషి ఇలాగే వాడిపోతుంది. బతకాలని లేదనిపిస్తే, చచ్చిపోవడం గురించి ఆలోచనలు వస్తే వచ్చే అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు. ఆరోజే చెప్పండి, ఒంటరిగా ఉండకండి.

చాలా ఆసుపత్రుల్లో 0 నుంచి 10 దాకా గీతలున్న థర్మామీటర్ బొమ్మ ఇచ్చి మనసు బాధ ఎంతుందో గుర్తుపెట్టమంటారు. 4 గానీ అంతకు మించి గానీ వస్తే ఇంకా వివరంగా అడుగుతారు. మీ దగ్గర ఇవ్వకపోతే మీరే ఒక అంకె చెప్పండి. "డాక్టరు గారూ, నా దిగులు ఎనిమిది" అంటే వాళ్లకి వెంటనే అర్థమవుతుంది.

అత్తగారి భయానికి జవాబు. కుంగుబాటు మందులు వ్యసనం కావు, డాక్టరు చెప్పిన ప్రకారం నెమ్మదిగా తగ్గించి ఆపవచ్చు. ఒక జాగ్రత్త అందరూ గుర్తుపెట్టుకోండి. కీమో తర్వాత టామాక్సిఫెన్ అనే హార్మోన్ చికిత్స మాత్ర వాడాల్సినవాళ్లకి పారాక్సెటిన్, ఫ్లువోక్సెటిన్ అనే రెండు మందులు సాధారణంగా ఇవ్వరు, టామాక్సిఫెన్‌ని పనిచేసే రూపంలోకి మార్చే ఎంజైమ్‌ని అవి అడ్డుకుంటాయి కాబట్టి. వెన్లాఫాక్సిన్ లాంటివాటితో ఆ చిక్కు తక్కువ, ఒంట్లో ఆవిర్లు కూడా తగ్గుతాయి. కాబట్టి ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా మీ క్యాన్సర్ మందుల చీటీ తీసుకెళ్లండి.

నాలుగోదశ

ఇన్నాళ్లూ చదువుతూ ఊరుకున్నాను. మీ అందరికీ చివరి సైకిల్ అని ఒకటుంది. కీమో అయిపోయిందని గంట కొట్టి ఫొటో దిగుతారు. నాది ఎముకలకి పాకింది. ఒక మందు పనిచేసినన్నాళ్లు అది, ఆగిపోతే ఇంకోటి. గంట లేదు. "యుద్ధం గెలుస్తావు" అనేవాళ్లని చూస్తే, మరి ఓడినవాళ్లు సరిగా పోరాడలేదా అని అడగాలనిపిస్తుంది. సందేహి గారు రాసింది చదివి మొదటిసారి ఈ మాట బయటికి అంటున్నాను. నాకు ఆశ అంటే నయం కావడం కాదు, పొద్దున నొప్పి లేకుండా లేవడం, మా వాడి పరీక్షలయ్యేదాకా ఈ మందు పనిచేయడం.

పెద్దక్క

తల్లీ, ఊరుకోకు, రాస్తూ ఉండు. గంట కొట్టినవాళ్లకీ లోపల అంత తేలిగ్గా ఉండదు. నా కీమో అయిపోయిన మర్నాటినుంచే ఎక్కువ భయపడ్డాను, ఇక నన్ను ఎవరు కనిపెట్టి ఉంటారని. అయినా నీదీ నాదీ ఒకటి కాదు, అది తెలుసు.

క్యాన్సర్‌వార్డు_సైకియాట్రిస్టు

నాలుగోదశ గారూ, జబ్బు ముదిరినవాళ్లకోసమే విలియం బ్రైట్‌బార్ట్ అనే సైకియాట్రిస్టు, జీవితంలో అర్థం ఎక్కడుందో వెతుక్కునే ఒక కౌన్సెలింగ్ పద్ధతిని తయారుచేశారు. నయం చేస్తానని అది చెప్పదు. మీరు ఎవరికేమవుతారు, మీ తర్వాత ఏం మిగలాలి అనేవి మాట్లాడిస్తుంది. మీరు చివర రాసిన రెండు కోరికలు ఆ పద్ధతిలో మాట్లాడించే సంగతులకి చాలా దగ్గర. పొద్దున నొప్పి గురించి మాత్రం, నొప్పీ బాధా తగ్గించడమే పనిగా ఉన్న పాలియేటివ్ వైద్యుల్ని ఇప్పుడే కలవండి. చివరి రోజులకే వాళ్లు అనుకుంటారు, కాదు, కీమో నడుస్తుండగానే చూస్తారు.

ఆమె_భర్త

నాలుగోదశ గారూ, ఇంట్లోవాళ్లు మీతో ఏం మాట్లాడితే మీకు బాగుంటుంది? మిమ్మల్నే అడగాలనిపించింది.

నాలుగోదశ

వచ్చే వారం స్కాన్ ఉందండీ. రిపోర్టు వచ్చేదాకా దాని మాట ఎత్తొద్దని ఇంట్లో అందరికీ చెప్పాను. అందరూ నా చుట్టూ చప్పుడు చేయకుండా తిరుగుతున్నారు, అదే కష్టంగా ఉంది. మా తమ్ముడొక్కడే వచ్చి పొలం గట్టు తగాదా గురించి గంటసేపు నామీద అరిచి వెళ్లాడు. నేనూ అరిచాను. సాయంత్రం మళ్లీ వస్తానన్నాడు, కాగితాలు తీసుకుని. నావీ తీసి పెట్టాలి.